మేనమామ కట్టాల్సిన పంచె

గుమ్మడివారిపాలెం,
20 జనవరి 1986

ఒరే రోశయ్యా, నీకూ కోడలికీ పిల్లలకూ మీ అమ్మ పేరమ్మ మేలు కోరి చెప్పిస్తున్న సంగతులు.

రాస్తున్నది నసీమున్నీసా. మన పక్కింటి లారీ డ్రైవరు గౌస్ బాషా కూతురు, పోయినేడు పదో తరగతి పాసైంది. ఇదివరకు పోస్టుమాస్టరు చేత రాయించేదాన్ని గదా, ఆయన నేను ఒకటి చెబితే దాన్ని మెత్తగా నలిపి ఇంకోటి రాసేవాడు. ఈ పిల్లకి ముందే చెప్పాను, నా నోట్లోంచి వచ్చింది వచ్చినట్టు కాగితం మీదికి దిగాలి, నువ్వు మధ్యలో మర్యాద కలపొద్దు అని.

మిరప రెండో కోత నడుస్తోంది. కాయ ఎర్రగానే ఉంది, తాలు తక్కువ. పత్తి సంగతి అడక్కు, తెల్లదోమ ఆకంతా నాకేసింది. మీ అక్క వెంకటేశ్వరమ్మ పొద్దస్తమానం కల్లంలోనే ఉంటోంది. చేతుల మంటకి రాత్రిళ్ళు మజ్జిగలో ముంచుకుని కూర్చుంటుంది.

ఇక అసలు సంగతి. నీ మేనల్లుడు కోటిలింగం. ఇంటరు తప్పాక వాడు చేనికి వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. పొద్దున్నే తల దువ్వుకుని జిన్నింగు మిల్లుకి పోతాడు. అక్కడ రంగనాయకులున్నాడు గదా, మిల్లు ఆయనదే, ఊళ్ళో సగం ఆయన పార్టీయే. ఆయన జీపు వెనక కుర్రాళ్ళు గబ్బిలాల్లా వేలాడుతుంటారు. మనవాడు ఇప్పుడు వేలాడడం లేదు, లోపల కూర్చుంటున్నాడు. నాకు అదే భయం.

'ఏరా, ఆ జీపులో ఏముంది నీకు' అని నిలదీశాను. వాడేమన్నాడో తెలుసా. 'ఆయన నన్ను కోటిలింగం అని నిండు పేరు పెట్టి పిలుస్తాడు అమ్మమ్మా. తిన్నావా అంటాడు. ముందు ముందు ఏం చేద్దామనుకుంటున్నావు అని అడుగుతాడు' అన్నాడు. ఈ ఇంట్లో ఆడవాళ్ళం మేం ఇద్దరం వాణ్ణి తినమని తిడతాం గానీ తిన్నావా అని అడగం.

వాడి పదకొండో ఏట పంచెలు పెడదామనుకున్నాం. ఆ ఏడే వాళ్ళ నాన్నని పత్తి చేలో పాము కరిచింది. ఏడాది మైల అన్నారు, తరవాత సరి సంవత్సరం పనికిరాదన్నారు, ఆ తరవాత ఎవరూ ఏమీ అనలేదు. మీసాలొచ్చాయి గానీ పంచె రాలేదు. ఈ లోటు రంగనాయకులు పసిగట్టాడు. శ్రీరామనవమికి మిల్లు ముందు పందిరి వేసి, తండ్రి లేని కుర్రాళ్ళు అయిదుగురికి ఆయన చేత్తో పంచెలు కడతాడట. అందులో మనవాడు మొదటివాడట.

మేనమామ బతికుండగా పరాయి చెయ్యి పంచె కట్టడం మన ఇంటా వంటా లేదు. పంచె కట్టిన చెయ్యి ఊరికే పోదురా. ఆ తరవాత అది ఎటు చూపిస్తే కుర్రాడు అటు నడవాలి. అందుకే పెద్దవాళ్ళు ఆ పని మేనమామకి పెట్టారు. అక్క కొడుకుని బావిలోకి చూపించడు గదా అని.

నవమి లోపల నువ్వు రావాలి. ఆలోచించి రాస్తానని మాత్రం రాయకు, ఆలోచన నేను చేసేశాను.

చెప్పింది పేరమ్మ, రాసింది నసీమ.

*

దాచేపల్లి, సిమెంటు ఫ్యాక్టరీ క్వార్టర్లు,
3 ఫిబ్రవరి 1986

అమ్మకు రోశయ్య నమస్కారాలు. మేము క్షేమం. చిన్నదానికి దగ్గు తగ్గలేదు. ఇక్కడ దుమ్ము నీకు తెలిసిందే, ఎర్ర చీర ఆరేస్తే సాయంత్రానికి తెల్ల చీర తీసుకురావాలి.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. బట్టీ ఆపి లోపలి ఇటుక మారుస్తున్నారు. ఫిట్టర్లు ఎవరికీ సెలవు లేదు. అయినా నువ్వు అడిగిన పని ఆపలేదు. మంగళగిరి నేత, ఎర్రంచు పంచెల చాపు, కండువా, చొక్కా గుడ్డ తీయించాను. మీ కోడలు పసుపు పెట్టి కట్టింది. గౌస్ బాషా గారు సిమెంటు లోడుకి వచ్చినప్పుడు ఆయన చేతికిచ్చాను, జాగ్రత్తగా తెస్తానన్నారు.

బట్టలు మేనమామవి కాబట్టి మేనమామ పెట్టినట్టే. కట్టడం మాత్రం ఎవరైనా పెద్దమనిషి చేత కానిచ్చేయండి. ఊళ్ళో అలాంటివాళ్ళకి కొదవేముంది. ఈ రోజుల్లో పంచెల పండగలు ఎవరు పట్టించుకుంటున్నారమ్మా, కుర్రాళ్ళంతా బెల్‌బాటాలు వేస్తుంటే.

కోటిలింగాన్ని బాగా చదువుకోమన్నానని చెప్పు.

నీ కొడుకు,
రోశయ్య

*

గుమ్మడివారిపాలెం,
11 ఫిబ్రవరి 1986

రోశయ్యా,

పంచెలు లారీ ఎక్కి వచ్చాయి. మేనమామ రాలేదు.

గౌస్ బాషా పాపం ఆ మూటని స్టీరింగు పక్కన తువ్వాలు పరిచి పెట్టుకుని తెచ్చాడు. 'మామ్మా, మీ అబ్బాయి ఇది ఇస్తూ నా మొహం చూళ్ళేదు' అన్నాడు. నేను వాకిట్లోనే విప్పాను. అప్పుడే కోటిగాడు వచ్చాడు. అంచు పట్టుకుని చూశాడు. మొహం విప్పారింది, అబద్ధమెందుకు. 'మామయ్య ఎప్పుడొస్తున్నాడు' అన్నాడు. నేను మూట మళ్ళీ కట్టసాగాను. వాడికి అర్థమైంది. 'మామయ్యకి బదులు పార్సిలా' అని నవ్వి బయటికి పోయాడు. ఆ నవ్వు నువ్వు చూడాల్సింది.

నిన్ను నేను బట్టలు అడగలేదురా. బట్టలు నర్సరావుపేటలో దొరుకుతాయి. నేను అడిగింది చేతులు. పెద్దమనిషి చేత కట్టించమంటావా, ఆ పెద్దమనిషి పందిరి వేసుకుని కూర్చునే ఉన్నాడు. నువ్వు రాసిన ముక్క వాడికి చూపిస్తే హారతి పడతాడు.

నీకు ఊరు దూరమైంది, అందుకని చెబుతున్నాను, విను. పడమటి బజారు సుబ్బరావమ్మ తెలుసు గదా, మొగుడు పోయినామె. ఆమె పెద్ద కొడుకు ఆంజనేయులికి రెండేళ్ళ కిందట పంచెలు పెట్టింది రంగనాయకులే. డోళ్ళు, సన్నాయి, పాయసం. పోయిన దీపావళి ముందు రెండు పార్టీలూ కొట్టుకుని తలలు పగిలాయి. కర్ర తిప్పింది ఎవరో ఊరందరికీ తెలుసు. కేసు మాత్రం ఆంజనేయులు తన మీద వేసుకున్నాడు. వాడిప్పుడు గుంటూరు జైల్లో ఉన్నాడు. సుబ్బరావమ్మ వెళ్ళి చూసి, 'ఎందుకు ఒప్పుకున్నావురా' అని ఏడిస్తే వాడన్న మాట ఇది: 'పంచె కట్టిన చెయ్యి గదమ్మా, ఎట్లా కాదంటాను.'

ఇప్పుడు చెప్పు, పంచెల పండగ ఎవరు పట్టించుకుంటున్నారో.

మూట నా పెట్టెలో పెట్టి తాళం వేశాను. నువ్వొచ్చిన రోజు తీస్తాను.

పేరమ్మ

*

దాచేపల్లి,
24 ఫిబ్రవరి 1986

అమ్మా,

నువ్వు అడిగావు గనక నేనూ అడుగుతాను, కోపం తెచ్చుకోకు.

నాలుగేళ్ళ కిందట వాడు బడి ఎగ్గొట్టి సత్తెనపల్లిలో సినిమాకి పోతే ఒక్క దెబ్బ వేశాను. నువ్వు వాకిట్లో పదిమంది ముందు, 'తండ్రి లేని బిడ్డ మీద చెయ్యెత్తడానికి నువ్వెవడివి' అన్నావు. అక్క కూడా అడ్డు చెప్పలేదు. నేను ఆ సాయంత్రమే బస్సెక్కాను. ఇప్పుడు నేనెవరినో నువ్వే నాకు చెబుతున్నావు. నీకు అవసరమైనప్పుడు మేనమామని, లేనప్పుడు పరాయివాణ్ణి. నేను పదిమందిలో నిలబడి మళ్ళీ ఆ మాటే అనిపించుకోవాలా?

అయినా వాడి గురించి పట్టనట్టు లేను. వాడి పేరున విడిగా ఒక ఉత్తరం రాశాను, ఈ పాటికి అంది ఉంటుంది. ఎలా నడుచుకోవాలో వివరంగా రాశాను. కావాలంటే ఇక్కడికి పంపించు, కాంట్రాక్టరుతో చెప్పి కూలి పనిలో పెట్టిస్తాను. నేను రావడం మాత్రం కుదరదు.

రోశయ్య

*

గుమ్మడివారిపాలెం,
8 మార్చి 1986

రోశయ్యా,

అన్నాను. ఆ రోజు వాడికి దెబ్బ తగిలింది గనక ఆ మాట అన్నాను. ఈ రోజు వాడు చేజారిపోతున్నాడు గనక ఈ మాట అంటున్నాను. రెండూ నా నోరే. ఒక మాటకి నాలుగేళ్ళు అలిగినవాడివి, ఈ మాటకి ఒక పూట బస్సెక్కలేవా.

నువ్వు వాడికి రాసిన ఉత్తరం నసీమ చేత చదివించుకుని విన్నాను. వాడే ఇచ్చాడు, 'విను అమ్మమ్మా, మామయ్య ప్రసంగం' అని. పొద్దున్నే లేవాలి. చెడు స్నేహాలు మానాలి. సిగరెట్లు ముట్టకూడదు. తల్లి కష్టం గుర్తించాలి. టైపు నేర్చుకోవాలి. అబ్బో, పాలేరుకి పనులు పురమాయించినట్టు రాశావు. మధ్యలో కూర్చుని నేను ఎదురుచూస్తూనే ఉన్నాను, ఎక్కడైనా ఒక్క ప్రశ్న అడుగుతాడేమోనని. ఒక్కటి లేదు. ఆ జీపువాడు రెండు ప్రశ్నలతో నీ మేనల్లుణ్ణి ఎత్తుకుపోయాడురా, నువ్వు రెండు కాగితాల బుద్ధులతో వెనక్కి తేలేకపోయావు.

మొన్న వాణ్ణి గుంటూరు యార్డుకి తీసుకెళ్ళాడట. మిరప బస్తాల మధ్య సేట్లతో మాట్లాడుతూ, 'వీడు మా కోటిలింగం, చురుకైనవాడు' అని చెప్పాడట. వాడు అది నాకు మూడుసార్లు చెప్పాడు. అన్నం తింటూ చెప్పాడు, చెయ్యి కడుక్కుంటూ చెప్పాడు. నేను తిట్టాలనుకుని తిట్టలేకపోయాను. వాణ్ణి చురుకైనవాడని నేను ఎప్పుడైనా అన్నానా అని ఆలోచిస్తూ పడుకున్నాను.

సాకులు కట్టిపెట్టి నిజం చెప్పు. బట్టీ కాదు, సెలవు కాదు, నా నోరు కూడా కాదు. నిన్ను కన్నదాన్ని, నువ్వు దాచేటప్పుడు ఎట్లా ఉంటావో నాకు తెలుసు. బెల్లం దొంగిలించినప్పుడు కూడా ఇట్లాగే రోషం తెచ్చుకునేవాడివి. నవమి వచ్చే నెల్లోనే. అసలు ఎందుకు రావు?

పేరమ్మ

రోశయ్య బాబాయి గారికి నసీమున్నీసా సలాం. మామ్మ వెళ్ళి గేదెకి నీళ్ళు పెడుతోంది, అందుకని ఇది నా సొంతంగా రాస్తున్నాను. కోటిలింగం మీ ఉత్తరాన్ని వెక్కిరించాడు గానీ చింపలేదు, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. రోజూ దాచేపల్లి బస్సు వచ్చే వేళకి సెంటర్లో నిలబడుతున్నాడు. ఎవరి కోసం అంటే సోడా కోసం అన్నాడు. చేతిలో సోడా లేదు.

*

దాచేపల్లి,
17 మార్చి 1986

అమ్మా,

ఇది రాయడానికి మూడు కాగితాలు పాడు చేశాను. నసీమున్నీసా, ఈ ఉత్తరం మామ్మకి లోపల కూర్చోబెట్టి మెల్లగా చదువు తల్లీ. అరుగు మీద చదవొద్దు.

నాకు పంచె కట్టడం రాదమ్మా.

నవ్వకు. నా పదకొండో ఏట నాన్న పోయాడు. ఆ ఏడు నాకు పంచెలు పెట్టాల్సింది. నీ తమ్ముడు సాగరు డ్యాము పనిలో ఉన్నాడు, కబురు పెడితే రాలేదు. తర్వాత ఎవరూ ఆ ఊసు ఎత్తలేదు. ఇక్కడికి వచ్చాక లుంగీ, ప్యాంటు. నా పెళ్ళిలో పురోహితుడు చుట్టబెట్టి పైన బెల్టు బిగించాడు. కండువా ఎక్కడ జారిపోతే ఆ బెల్టు కనబడుతుందోనని తాళి కట్టేటప్పుడు కూడా ఒక చేత్తో కండువా పట్టుకునే ఉన్నాను. మీ కోడలికి తప్ప ఈ సంగతి ఎవరికీ తెలియదు.

మన ఊళ్ళో పంచెలు పెట్టేటప్పుడు ముసలివాళ్ళంతా చుట్టూ చేరి చూస్తారు. మేనమామ పీట దగ్గర నిలబడి కుర్రాడికి కట్టాలి. నా చేతిలో అది జారితే రంగనాయకులు మనుషులు ఏడాది నవ్వుకుంటారు. నన్ను చూసి నవ్వితే పోనీ అనుకుంటాను. కోటిలింగాన్ని చూసి నవ్వుతారు.

ఇంకొకటి. పంచె సంగతి అటుంచు. వాడు వచ్చి నా ముందు కూర్చుని, మామయ్యా ఏం చెయ్యమంటావు అని అడిగితే నేనేం చెప్పను? నాకు ముప్పై ఆరేళ్ళు. ఇద్దరు పిల్లలు. ఇప్పటికీ ఏదైనా చిక్కొస్తే ఎవర్నడగాలా అని అటూ ఇటూ చూస్తాను. సంతకం పెట్టేటప్పుడు, పిల్ల జ్వరంతో పడుకున్నప్పుడు, ఫోర్‌మన్ అరిచినప్పుడు, ఇట్లాంటప్పుడు మగవాళ్ళు ఏం చేస్తారో అనుకుంటాను. అందుకే ఆ ఉత్తరం నిండా బుద్ధులు రాశాను. అవి రేడియోలో విన్నవి.

నాకు లేనిది వాడికేం పెట్టను?

రోశయ్య

*

గుమ్మడివారిపాలెం,
26 మార్చి 1986

నాయనా రోశయ్యా,

నవ్వాను. చెప్పకుండా ఎందుకు, బెల్టు దగ్గర నవ్వాను. ఆ తరవాత నసీమ చదువుతూ పోయింది, నాకు నవ్వు ఆగిపోయింది. ఆ పూట అన్నం సహించలేదు. మీ అక్క అడిగితే కడుపులో బాగాలేదన్నాను.

మీ నాన్న పోయినాక నేను కౌలుకి దున్నించాను, మీ అక్క పెళ్ళి చేశాను, గోడ కూలితే పెట్టించాను. నీకు పంచె నేనే కడదామనుకున్నాను కూడా. ఆడదాని చెయ్యి పనికిరాదన్నారు. సరే అని నోరు మూసుకున్న సందర్భం నా జన్మలో అదొక్కటే.

కుర్రాడు అడిగితే ఏం చెప్పాలి అంటావు. తెలిస్తే చెప్పు. తెలియకపోతే తెలియదని చెప్పి పక్కన కూర్చో. రంగనాయకులికి అన్నీ తెలుసురా, అందుకే వాడి దగ్గరికి పోయినవాడికి సొంతంగా తెలుసుకునే పని లేకుండా పోతోంది.

ఇక పంచె. జాగ్రత్తగా చదువుకో. మీ నాన్న సంతకి పోయే రోజు నేను ఎదురుగా చెంబు పట్టుకుని నిలబడేదాన్ని, ఆయన కట్టుకోవడం ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంది. మడత విప్పి నడుము వెనక నుంచి చుట్టి రెండు కొసలూ ముందుకి తీసుకోవాలి. బొడ్డు దగ్గర ఒక ముడి, గట్టిగా. ఊపిరి బిగపట్టి వెయ్యకు, తరవాత వదులవుతుంది. కుడి పక్క వేలాడే కొసని సన్నగా కుచ్చిళ్ళు పోసి కాళ్ళ మధ్య నుంచి వెనక్కి తీసి నడుము దగ్గర దోపాలి. ఎడమ పక్క కొస కుచ్చిళ్ళు పోసి ముందు దోపాలి. కుచ్చిళ్ళ అంచు పాదం మీద వాలాలి, నేలని ఊడవకూడదు. దోపినాక రెండు అడుగులు వేసి చూడాలి. మీ నాన్న అప్పుడు నా వైపు చూసేవాడు, బాగుందా అని. నేను బాగుందని ఎప్పుడూ చెప్పలేదు, చెంబు ఇచ్చేదాన్ని.

పాత దుప్పటితో అలవాటు చేసుకో. కోడల్ని నవ్వొద్దన్నానని చెప్పు.

ఈ సంగతి ఎవరికీ తెలియదు. మీ అక్క కల్లంలో ఉంది. కోటిగాడు అరుగు మీద మొహాన తువ్వాలు వేసుకుని నిద్రపోతున్నాడు, లేకపోతే నీ గుట్టు ఇంత గట్టిగా చెప్పేదాన్నా.

నవమి ఏప్రిల్ పద్దెనిమిదని పంచాంగం చూసి చెప్పారు. రా.

అమ్మ

*

గుమ్మడివారిపాలెం,
8 ఏప్రిల్ 1986

రోశయ్యా,

కోటిలింగం ఇల్లు విడిచి పోయాడు. ఆదివారం పొద్దున పోయినవాడు ఇంతవరకు లేడు. నా పెట్టె తాళం తీసి ఉంది. పంచెల మూట లేదు. మిల్లు దగ్గర పందిరి రాటలు పాతుతున్నారు, జీపు ఊళ్ళో లేదు. ఇంకేం కావాలి తెలియడానికి. నీ బట్టలు పెట్టుకుని ఆయన చేత కట్టించుకోవడానికే తీసుకుపోయాడు. మీ అక్క రెండు రోజుల నుంచి వంట చెయ్యలేదు. గౌస్ బాషాని పంపి వెతికిద్దామంటే ఆయన లోడుతో మద్రాసు పోయాడు.

నువ్వు ఇక రానక్కర్లేదు. దుప్పటి మడిచి లోపల పెట్టుకో. నేను రెండు నెలలు అరిచాను, నువ్వు రెండు నెలలు ఆలోచించావు, ఆయన పట్టుకుపోయాడు. నాకు ఉత్తరాలు కూడా వద్దు.

పేరమ్మ

*

దాచేపల్లి,
11 ఏప్రిల్ 1986

అమ్మా,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. ఉత్తరాలు వద్దన్నా ఈ ఒక్కటి విను. కోటిలింగం నా దగ్గరే ఉన్నాడు. వాడు వచ్చిన రోజే నేను రాయాల్సింది, వాడు నీకు చెప్పే వచ్చాడనుకున్నాను. అక్కకి వెంటనే చెప్పు.

ఆదివారం డ్యూటీ దిగి వచ్చేసరికి మా గుమ్మం ముందు కూర్చుని ఉన్నాడు. వంటి నిండా సిమెంటు. గౌస్ బాషా గారి లారీ ఎక్కి వచ్చాడట. ఒళ్ళో మూట. నేను ఏమనాలో తెలియక, 'తిన్నావా' అన్నాను. 'లేదు మామయ్యా' అన్నాడు. ఇద్దరం తిన్నాం. తిన్నాక వాడే అన్నాడు: 'నీకు కూడా ఎవరూ కట్టలేదట గదా.'

అమ్మా, వాడు ఆ రోజు అరుగు మీద నిద్రపోవడం లేదు. నువ్వు గుట్టు చెబితే మూడిళ్ళకి వినబడుతుంది.

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. వాడు మాత్రం నవ్వలేదు. 'నువ్వు నన్ను కాదనుకున్నావని అనుకున్నాను మామయ్యా. కట్టడం రాక రాలేదని తెలియదు' అన్నాడు. తర్వాత నీ ఉత్తరం అడిగాడు. గోడకి చీపురుపుల్లతో గుచ్చాం. వాడు చదువుతుంటే నేను కట్టాను, నేను చదువుతుంటే వాడు కట్టుకున్నాడు. మొదటిసారి వెనక దోపింది గడప దాటేలోపు ఊడింది. పిల్లలు మంచం మీద పడి దొర్లారు. మీ కోడలు నవ్వొద్దంటే వంటింట్లోకి వెళ్ళి నవ్వింది. మూడో రోజుకి నిలబడింది. అప్పుడు మా పక్క క్వార్టరు పెద్దాయన చూసి, 'ఇదేమయ్యా, కుడి ఎడమలు తిరగబడ్డాయి, అద్దంలో చూసి నేర్చుకున్నారా' అన్నాడు. నువ్వు నాన్న ఎదురుగా నిలబడి చూశావు గదా, నీ కుడి ఆయన ఎడమ. సరిచేద్దామన్నాను. కోటిలింగం ఒప్పుకోలేదు, అమ్మమ్మ ఎట్లా చూసిందో అట్లాగే ఉండనీ అన్నాడు.

ఇక నీకు తెలియని సంగతి. వాడికి నవమి రోజు పంచె కట్టి, ఆ తర్వాత కోర్టులో సాక్ష్యం చెప్పిస్తారట. ఆంజనేయులే కర్ర తిప్పాడు, నేను కళ్ళారా చూశాను అని. ఆంజనేయులు ఒప్పుకున్నా, కేసు నిలవాలంటే చూసిన మనిషి ఒకడు కావాలట. ఆ కొట్లాట రోజు కోటిలింగం ఊళ్ళోనే లేడు, నర్సరావుపేటలో తప్పిన పరీక్ష మళ్ళీ రాస్తున్నాడు. 'చెప్పకపోతే ఊళ్ళో ఉండగలనా మామయ్యా? చెబితే ఆంజనేయులు తమ్ముడు జాలయ్య మొహం ఎట్లా చూడను? ఏం చెయ్యమంటావు?' అన్నాడు.

నేను భయపడిన ప్రశ్న అదే. నాకు తెలియదన్నాను. చాలాసేపు ఇద్దరం గడపలో కూర్చున్నాం. చివరికి వాడే, 'నేను వెళ్ళి ఆయన మొహం మీదే చెప్పేస్తాను, చూడనిది చూశానని చెప్పలేనని' అన్నాడు. 'నువ్వే చెప్పు, నేను పక్కన నిలబడతాను' అన్నాను.

సెలవు దొరికింది. అడిగితే ఫోర్‌మన్ వెంటనే ఇచ్చాడు, ఇన్నాళ్ళూ నేను అడగలేదంతే. నవమి ముందురోజు మధ్యాహ్నం బస్సుకి దిగుతాం. ముందు మిల్లుకి, తర్వాత ఇంటికి. పంచెలు కట్టుకునే వస్తాం. పీట, అక్షింతలు, ముసలివాళ్ళు ఏమీ వద్దు. నువ్వు ఉంటే చాలు.

రోశయ్య

*

గుమ్మడివారిపాలెం,
28 ఏప్రిల్ 1986

నాయనా రోశయ్యా,

నువ్వు బస్సెక్కి పోయినాక జరిగినవి చెప్పిస్తున్నాను. నసీమ చెయ్యి నొప్పి అంటోంది, అయినా వదలను.

మిల్లులో ఏం జరిగిందో మీరిద్దరూ సగం సగం చెప్పారు. పత్తి తూకం వేసే మనిషి వచ్చి మొత్తం చెప్పాడు. మీరు వెళ్ళి నిలబడగానే రంగనాయకులు కోటిగాడి పంచె వంక చూసి, 'ఎవరు కట్టారురా ఇది' అన్నాడట. 'మా మామయ్య' అన్నాడట వీడు. 'వంకరగా ఉందే' అంటే, 'మాకు ఇట్లాగే వచ్చండి' అన్నాడట. ఆ తరవాత సాక్ష్యం చెప్పలేనని వీడు చెప్పేటప్పుడు నీ కాళ్ళు వణుకుతున్నాయట. పంచె గనక కనిపించిందట, ప్యాంటులో అయితే తెలిసేది కాదు. వణికినా అక్కడే నిలబడ్డావని కూడా చెప్పాడు. ఈ మాట చెప్పించుకోవడానికి ఆ మనిషికి రెండు గ్లాసుల మజ్జిగ పోశాను.

నవమి నాడు పందిరి కింద నలుగురికే కట్టాడు. అయిదో పీట ఎత్తేశారు.

మర్నాడు జీపు మన వాకిట్లో ఆగింది. దిగలేదు, కూర్చునే, 'పేరమ్మా, మనవణ్ణి కొంగులో దాచుకున్నావా' అన్నాడు. 'దాచలేదయ్యా, చేలో ఉన్నాడు, చివరి కోత, రమ్మంటే పిలుస్తాను' అన్నాను. 'రోజులు ఇట్లాగే ఉండవు' అన్నాడు. 'ఉండవని నాకు నీకంటే ముందే తెలుసు, నీకంటే పెద్దదాన్ని' అన్నాను. పోయాడు. రేపు నీళ్ళ వంతు దగ్గర ఏదో గొడవ పెడతాడు, పెట్టనీ. నేను బతికే ఉన్నాను.

కోటిగాడు మారిపోయాడని చెప్పను. పొద్దెక్కేదాకా నిద్రపోతాడు, చెప్పిన పని సగంలో వదిలేస్తాడు. కాకపోతే నిన్న మీ అక్క కల్లం నుంచి వస్తే ఆ చేతులకి వాడే మజ్జిగ కలిపి ఇచ్చాడు, ఎవరూ చెప్పలేదు. నేను చూసి చూడనట్టు ఊరుకున్నాను. నువ్వు చెప్పిన టైపు స్కూలు సంగతి అడిగితే ఆలోచిస్తానన్నాడు. మేనమామ పోలిక.

ఇప్పుడు ఈ ఉత్తరం ఎందుకు రాయిస్తున్నానంటే. మొన్న పొద్దున సుబ్బరావమ్మ చిన్నకొడుకు, ఆ జైల్లో ఉన్నవాడి తమ్ముడు జాలయ్య, మన గుమ్మం ముందు నిలబడ్డాడు. పదిహేనేళ్ళుంటాయి, గొంతు ఇంకా చీలుతోంది. పందిరి కింద కట్టించుకున్న నలుగురిలో వాడు లేడు. వాళ్ళమ్మ వెళ్ళనివ్వలేదు. చంకలో పాత పంచె, వాళ్ళ నాన్నది, ఉతికి మడత పెట్టింది. లోపలికి రాడు, బయటికి పోడు. 'ఏరా, గేదె తప్పిపోయిందా' అన్నాను. 'లేదు మామ్మా. కోటన్న వాళ్ళ మామయ్య మళ్ళీ ఎప్పుడొస్తాడు' అన్నాడు.

వాడికి మేనమామ లేడు. ఉన్న ఒక్కడూ చిన్నప్పుడే పోయాడు. నాకు తెలుసు, నేను ఆ ఇంటికి అన్నం వండి పంపాను.

'వస్తాడులే, లోపలికి రా' అన్నాను. వచ్చి దూలం కింద కూర్చున్నాడు. కోటిగాడు వాడికి కట్టు నేర్పుతానన్నాడు గానీ వాడు వద్దన్నాడు, ఆయన చేత్తోనే కావాలన్నాడు. ఆ రోజు నువ్వు మిల్లులో నిలబడుంటే వాడు ప్రహరీ అవతల నుంచి చూశాడట. ఏం చూశావురా అంటే చెప్పడు.

నువ్వు వచ్చే ఆదివారం బస్సుకి రా. నాకు లేనిది ఏం పెట్టను అని మళ్ళీ రాయకు. కోడల్నీ పిల్లల్నీ తీసుకురా, తాటి ముంజలు వచ్చాయి.

జాలయ్య ఇందాక మళ్ళీ వచ్చాడు. ఇక్కడే నసీమ పక్కన కూర్చుని నేను చెప్పేది వింటున్నాడు. నిన్ను ఏమని పిలవాలి అని అడుగుతున్నాడు. నేను చెప్పలేదు. అది నువ్వు వచ్చి చెప్పాల్సిన మాట.

అమ్మ